అర్జీకి దిక్కెవరు? మైనారిటీల హక్కులూ అంతర్జాతీయ రక్షణా



మైనారిటీల హక్కుల విషయంలో ప్రపంచంలో పత్రాలకు కొదవ లేదు. 1919 నుంచి నేటిదాకా ఒప్పందాలు, ప్రకటనలు, ఒడంబడికలు, తీర్మానాలు వరసగా వస్తూనే ఉన్నాయి. వాటిని చదివితే ఏ దేశంలోనూ ఏ చిన్న సమూహానికీ ఏ లోటూ ఉండకూడదనిపిస్తుంది. లోకం అలా లేదని మనందరికీ తెలుసు. అందుకని కొందరు ఈ శ్రమంతా కంటితుడుపు అని కొట్టిపారేస్తారు. మరికొందరు ఇంకా మంచి పత్రమొకటి రాసుకుంటే సరిపోతుందంటారు. ఈ రెండు వాదాలతోనూ నాకు పేచీ ఉంది. నూరేళ్ల చరిత్రను దగ్గరగా చూస్తే రక్షణ పనిచేసిన చోటికీ పనిచేయని చోటికీ తేడా మూడు ప్రశ్నల దగ్గర తేలుతుంది. హక్కు దక్కనివాడు రాసిన అర్జీ ఎక్కడిదాకా వెళ్లింది? దానికి జవాబు చెప్పక తప్పని పరిస్థితి ఎవరికి వచ్చింది? ఆ నియమం బలవంతుడికి కూడా వర్తించిందా? ఈ మూడింటి మీదే ఇవాళ్టి నా వాదమంతా నడుస్తుంది.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసేసరికి ఆస్ట్రియా-హంగరీ, ఒట్టోమన్, రష్యన్, జర్మన్ సామ్రాజ్యాలు కూలాయి. మధ్య, తూర్పు ఐరోపాలో కొత్త దేశాలు పుట్టాయి. గీత ఎటు గీసినా లక్షలాది మంది పరాయి జెండా కింద మిగిలారు. పోలండులో జర్మన్లు, యూదులు, ఉక్రేనియన్లు. చెకోస్లొవాకియాలో జర్మన్లు, హంగేరియన్లు. రుమేనియాలో మళ్లీ హంగేరియన్లు. 1919 జూన్ 28న, వెర్సాయ్ సంధి మీద సంతకాలు జరిగిన రోజే, పోలండు చేత వేరే ఒప్పందం మీద కూడా సంతకం పెట్టించారు. చట్టం ముందు అందరూ సమానులేనని, ఎవరి మతం వారిదని, సొంత ఖర్చుతో బడులూ ధార్మిక సంస్థలూ నడుపుకోవచ్చని, మైనారిటీలు గణనీయంగా ఉన్న పట్టణాల్లో ప్రాథమిక విద్య వారి భాషలోనే చెప్పాలని అందులో రాశారు. ఇలాంటి మాటలు 1878 నాటి బెర్లిన్ సంధిలోనూ ఉన్నాయి కాని, అమలయ్యాయా అని అడిగే సంస్థ అప్పుడు లేదు. పోలండు ఒప్పందంలోని పన్నెండో అధికరణం ఆ పని నానాజాతి సమితికి అప్పగించింది. అదే అచ్చులో చెకోస్లొవాకియా, యుగోస్లావియా, రుమేనియా, గ్రీసు కట్టుబడ్డాయి. ఓడిపోయిన ఆస్ట్రియా, హంగరీ, బల్గేరియా, టర్కీల సంధుల్లోనూ ఈ షరతులు చేరాయి. తర్వాత అల్బేనియా, బాల్టిక్ దేశాలు, చివరగా 1932లో ఇరాక్ వచ్చాయి. ఒక ప్రభుత్వం తన పౌరులతో ఎలా మెలుగుతోందో బయటివాళ్లు అడగవచ్చన్న సంగతి ఇంత పెద్ద ఎత్తున ఒప్పుకోవడం అదే మొదలు.

ఇప్పుడు ఈ జాబితాలో లేనివారిని చూడండి. బ్రిటన్ లేదు, ఫ్రాన్స్ లేదు, ఇటలీ లేదు. జర్మనీ ఓడిపోయినా, ఒక్క ప్రాంతం తప్పిస్తే, దానికీ ఈ బంధం లేదు. కొత్తగా పుట్టిన చిన్న దేశాలకు నాగరికత పాఠం చెప్పిన పెద్దలు తమ ఇంటి తలుపు మూసుకున్నారు. ఈ సంధులు రూపొందిన పారిస్ శాంతి సమావేశాల్లోనే జపాను జాతుల సమానత్వాన్ని సమితి నిబంధనావళిలో చేర్చాలని కోరింది. 1919 ఏప్రిల్ 11న పదిహేడు ఓట్లలో పదకొండు ఆ ప్రతిపాదన వైపు పడ్డాయి. సభకు అధ్యక్షత వహించిన అమెరికా అధ్యక్షుడు విల్సన్, ఏకగ్రీవం కాలేదు గనుక చెల్లదన్నారు. సరిగ్గా రెండు రోజులకు అమృత్‌సర్‌లో జలియన్‌వాలా బాగ్ కాల్పులు జరిగాయి. ఆ ఏడాదే వెర్సాయ్ సంధి మీద ఇండియా పేరిట బ్రిటిష్ మంత్రి మాంటేగు, బికనీరు మహారాజు సంతకాలు చేశారు. వలస ప్రజల అర్జీ అందుకునే పద్ధతి మాత్రం ఆ సంధిలో ఎక్కడా లేదు. ఈ ఎగుడుదిగుడు సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇరవై ఏళ్లలో మొత్తం కట్టడం కూలడానికి ఇదే ముఖ్యకారణం.

అర్జీల సంగతి చూద్దాం. సమితి కార్యస్థానమైన జెనీవాకు ఎవరైనా అర్జీ పంపవచ్చు. దాన్ని ఫిర్యాదుగా మాత్రం లెక్కించరు, కేవలం సమాచారంగా తీసుకుంటారు. అర్జీదారు కక్షిదారు కాడు. సమితి కౌన్సిల్లో సభ్యత్వం ఉన్న దేశం ఏదైనా చొరవ తీసుకుంటేనే విషయం చర్చకు వస్తుంది. ఏ దేశమూ పొరుగు ప్రభుత్వంతో ఊరికే తగువు పెట్టుకోదు కనుక, 1920లో ముగ్గురు సభ్యుల కమిటీ పద్ధతి పెట్టారు. ప్రతి అర్జీనీ ముగ్గురు ప్రతినిధులు చూసి, అవసరమైతే కౌన్సిల్‌కు పంపాలి. 1923లో ఇంకొన్ని షరతులు చేరాయి. భాష పరుషంగా ఉండకూడదు, ఆకాశరామన్న ఉత్తరం కాకూడదు, దేశం నుంచి విడిపోతామనే కోరిక ఉండకూడదు. ఈ షరతులు న్యాయమైనవే. చిక్కంతా ఆ తర్వాతే. కమిటీ ఆ ప్రభుత్వంతో గుట్టుగా మాట్లాడుకునేది. ఏం తేలిందో అర్జీ పెట్టుకున్నవాడికి తెలిసేది కాదు. 1929లో కొంత సడలించినా అర్జీదారును పిలిచి అడిగే పద్ధతి రానేలేదు. ప్రభుత్వాలను నొప్పించకుండా మెల్లగా ఒప్పించడమే మేలని జెనీవా అధికారులు నమ్మారు. ఆ నమ్మకంలో కొంత తెలివి ఉంది. కాని న్యాయం జరిగినా జరిగినట్టు తెలియనప్పుడు మైనారిటీలు సమితిని వదిలి, తమ భాష మాట్లాడే పొరుగు ప్రభుత్వం వైపు చూడడం మొదలుపెట్టారు.

ఒక్క చోట మాత్రం అర్జీకి నిజమైన దారి ఉండేది. అది ఎగువ సైలీషియా. బొగ్గు గనులు, ఉక్కు కొలుములు, జర్మన్, పోలిష్ మాట్లాడే జనం కలగలిసిన పల్లెలు ఉన్న ప్రాంతం. 1921 మార్చిలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో సుమారు ఏడు లక్షల మంది జర్మనీ వైపు, సుమారు నాలుగు లక్షల ఎనభై వేల మంది పోలండు వైపు ఓటు వేశారు. ప్రాంతాన్ని రెండుగా చీల్చక తప్పలేదు. 1922 మే 15న రెండు దేశాలూ జెనీవాలో పదిహేనేళ్లకు ఒక ఒడంబడిక చేసుకున్నాయి. ఆరువందల ఆరు అధికరణాలు! పేచీలు స్థానికంగా తేల్చడానికి కటొవీసాలో ఒక మిశ్రమ కమిషన్, బాయ్‌టెన్‌లో ఒక మధ్యవర్తిత్వ న్యాయస్థానం పెట్టారు. కమిషన్‌కు స్విట్జర్లాండు మాజీ అధ్యక్షుడు ఫెలిక్స్ కలొండర్, న్యాయస్థానానికి బెల్జియం న్యాయవేత్త జార్జ్ కేకెన్‌బేక్ పెద్దలు. ఇద్దరూ మూడో దేశంవాళ్లే. పైగా ఇక్కడి నియమాలు జర్మనీ భాగానికీ పోలండు భాగానికీ సమానంగా వర్తించేవి. నూట నలభై ఏడో అధికరణం ప్రకారం మైనారిటీకి చెందిన మనిషి నేరుగా సమితి కౌన్సిల్‌కే అర్జీ పెట్టుకోవచ్చు. మిగతా ఐరోపాలో ఎవరికీ లేని సౌకర్యం ఇది.

అక్కడి వివాదాలు ఎంత చిన్న విషయాల మీద నడిచేవో చెప్పాలి. 1926లో పోలండు అధికారులు తమ భాగంలోని జర్మన్ మైనారిటీ బడుల్లో చేరిన వేలాది మంది పిల్లల దరఖాస్తులను చెల్లవన్నారు. ఈ పిల్లలకు జర్మన్ రాదు, తల్లిదండ్రులు ఆశపడో భయపడో చేర్చారు అన్నది వారి వాదన. పూర్తిగా కల్పన కూడా కాదది. గని యజమానులు జర్మన్లు, కూలీలు పోలిష్ మాండలికం మాట్లాడేవాళ్లు. కౌన్సిల్ మధ్యేమార్గంగా స్విట్జర్లాండు నుంచి ఒక విద్యాధికారిని పంపింది. ఆయన ఒక్కో పిల్లవాణ్ణీ కూర్చోబెట్టి మాట్లాడించి, ఈ బడిలో పాఠం అర్థమవుతుందా లేదా అని తేల్చాడు. తర్వాత విషయం హేగ్‌లోని శాశ్వత అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. తల్లిదండ్రులు ప్రకటించే విషయం వాస్తవానికి కట్టుబడి ఉండాలి కాని, దాన్ని అధికారులు పరీక్షించడానికీ ప్రశ్నించడానికీ వీల్లేదని 1928 ఏప్రిల్‌లో అది తీర్పు చెప్పింది. ఆరేడేళ్ల పిల్లవాడు ఏ బడికి పోవాలన్నది హేగ్ దాకా వెళ్లిందని నవ్వుకున్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. నాకైతే అంతర్జాతీయ చట్టానికి అంతకంటే గౌరవప్రదమైన పని కనిపించదు.

ఇంకో అర్జీ ఉంది. జర్మన్ భాగంలోని గ్లైవిట్స్ పట్టణంలో ఫ్రాంజ్ బెర్న్‌హైమ్ అనే యూదు ఒక పెద్ద దుకాణంలో గుమాస్తా. హిట్లర్ గద్దెనెక్కిన మూడు నెలలకు, 1933 ఏప్రిల్ 30న, యూదుడన్న కారణంతో ఆయన్ని కొలువులోంచి తీసేశారు. ఆయన ప్రాగ్ చేరి మే నెలలో సమితికి అర్జీ పెట్టాడు. తన ఉద్యోగంతో ఆగలేదు. యూదులను ప్రభుత్వ కొలువుల నుంచి, వకీలు, వైద్య వృత్తుల నుంచి వెళ్లగొట్టే కొత్త చట్టాలన్నీ 1922 ఒడంబడికకు విరుద్ధమని ఏకరువు పెట్టాడు. ఈయన ఆ ప్రాంతంవాడు కాడు, అర్జీ చెల్లదు అని జర్మనీ అడ్డుపడింది. ముగ్గురు న్యాయవేత్తల సంఘం చెల్లుతుందని చెప్పింది. చివరికి జర్మన్ ప్రతినిధి, ఏవైనా ఉల్లంఘనలు జరిగి ఉంటే అవి కింది ఉద్యోగుల పొరపాట్లని, సరిచేస్తామని మాటిచ్చాడు. ఆ మాట ఎంతమాత్రం ఇష్టపడి ఇచ్చింది కాదు. అయినా ఎగువ సైలీషియాలో యూదు వ్యతిరేక చట్టాల అమలు ఆగింది. 1935లో నూరెంబర్గ్ చట్టాలు వచ్చినప్పుడు కూడా అక్కడ అవి చెల్లలేదు. 1937 జూలై 15న ఒడంబడిక గడువు తీరింది, చట్టాలన్నీ వచ్చిపడ్డాయి. నాజీ జర్మనీలోనే ఒక గుమాస్తా అర్జీ ఆ చట్టాలను నాలుగేళ్లు ఆపింది. ఆ నాలుగేళ్లలో ఎన్ని కుటుంబాలు ఇళ్లూ వాకిళ్లూ సర్దుకుని దేశం దాటగలిగాయో ఊహించుకోవచ్చు. బెర్లిన్‌లోనో మ్యూనిక్‌లోనో ఉన్న యూదుడికి ఇదే కష్టం వచ్చినా, అర్జీ పెట్టడానికి ఆధారంగా ఒక్క వాక్యం లేదు. తేడా అంతా ఒక సరిహద్దు, ఒక అధికరణం.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. మైనారిటీలకు బయటివాళ్ల రక్షణ కల్పించడమే ప్రమాదమని, చెకోస్లొవాకియాలోని సుడేటన్ జర్మన్ల ఫిర్యాదులను ఆయుధం చేసుకుని హిట్లర్ ఆ దేశాన్ని చీల్చాడని, 1938 సెప్టెంబరు మ్యూనిక్ ఒప్పందమే ఈ పద్ధతి ఫలితమని అంటారు. 1945 తర్వాత దేశాధినేతలు చాలామంది నమ్మిన మాట ఇది. 2014లో క్రిమియా విషయంలో రష్యన్ భాషీయుల రక్షణ పేరు వినిపించినప్పుడు మళ్లీ పైకి వచ్చింది. కాలక్రమం చూస్తే ఈ వాదం నిలవదు. జర్మనీ 1933 అక్టోబరులోనే సమితిని వదిలేసింది. 1934 సెప్టెంబరు 13న పోలండు విదేశాంగమంత్రి యోజెఫ్ బెక్ జెనీవాలో లేచి, ఈ నియమాలు అన్ని దేశాలకూ ఒకేలా వర్తించేదాకా తాము సహకరించబోమని చెప్పేశాడు. బెక్ ఉద్దేశం మంచిది కాకపోవచ్చు కాని ఆయన అడిగిన ప్రశ్నకు బ్రిటన్, ఫ్రాన్సుల దగ్గర జవాబు లేదు. మ్యూనిక్‌లో కూర్చున్నది నాలుగు పెద్ద ప్రభుత్వాలు. అక్కడ సమితీ లేదు, న్యాయస్థానమూ లేదు, చెకోస్లొవాకియాకే కుర్చీ లేదు. మూడో మనిషి తీర్పు చెప్పే చోటు చచ్చిపోయాకే మైనారిటీకి బంధువునంటూ పొరుగు ప్రభుత్వం కర్ర పట్టుకుని వచ్చింది.

ఆ బంధువు ప్రేమ ఎంతటిదో ఇటలీ వైపు చూస్తే తెలుస్తుంది. 1919లో ఇటలీకి దక్కిన దక్షిణ టిరోల్‌లో అధికసంఖ్యాకులు జర్మన్ భాషీయులు. ఇటలీ విజేత కనుక ఏ మైనారిటీ ఒప్పందమూ దాని మీద లేదు. ముసోలినీ ప్రభుత్వం జర్మన్ బడులు మూసింది, ఊళ్ల పేర్లు మార్చింది. పిల్లలకు ఇళ్లలో చాటుగా అక్షరాలు నేర్పవలసి వచ్చింది. జర్మన్ల రక్షకుడినని ఊరేగిన హిట్లర్ ఈ జర్మన్ల కోసం నోరు మెదపలేదు. 1939లో ముసోలినీతో కలిసి వారి ముందు ఒకే ఎంపిక పెట్టాడు. జర్మనీకి వలస పోవాలి, లేదా ఇటాలియన్లుగా మారిపోవాలి. సుమారు డెబ్బై అయిదు వేల మంది ఊరు విడిచిపోయారు. తమవాడని నమ్ముకున్న ప్రభుత్వం అవసరం తీరాక ఎలా అమ్ముకుంటుందో చెప్పడానికి మరో ఉదాహరణ వెతకనక్కర్లేదు.

రెండో యుద్ధం తర్వాత ప్రపంచం నేర్చుకున్న పాఠం తలకిందులుగా ఉంది. మైనారిటీలు గొడవకు మూలం కనుక మైనారిటీలే లేకుండా చేస్తే పోతుందనుకున్నారు. దీనికి దారి ముందే పడింది. 1923 లొసాన్ ఏర్పాటు కింద టర్కీ, గ్రీసుల మధ్య సుమారు పన్నెండు లక్షల మంది గ్రీకు క్రైస్తవులనూ, సుమారు నాలుగు లక్షల మంది ముస్లిములనూ బలవంతంగా మార్పిడి చేశారు. 1945 తర్వాత తూర్పు ఐరోపా నుంచి కోటికి పైగా జర్మన్లను వెళ్లగొట్టారు. ఐక్యరాజ్యసమితి చార్టరులో మైనారిటీల ప్రస్తావన లేదు. 1948 డిసెంబరు 10 నాటి మానవహక్కుల ప్రకటనలోనూ లేదు. అదే రోజు విడిగా ఒక తీర్మానం చేస్తూ, మైనారిటీల గతి పట్ల ఉదాసీనంగా ఉండలేమని, అయితే అందరికీ ఒకే పరిష్కారం చెప్పడం కష్టమని సర్దుకున్నారు. మనిషికి మనిషిగా హక్కులిస్తే చాలు, సమూహం ఊసు అక్కర్లేదన్నది అప్పటి ధోరణి. 1966లో పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో ఇరవై ఏడో అధికరణంగా ఒకే ఒక్క వాక్యం చోటు చేసుకుంది. జాతి, మత, భాషా మైనారిటీలకు చెందినవారికి తమ తోటివారితో కలిసి తమ సంస్కృతిని, మతాన్ని, భాషను అనుభవించే హక్కు నిరాకరించరాదని దాని సారాంశం. ఫ్రాన్స్ దానికి కూడా, మా గణతంత్రంలో మైనారిటీలంటూ లేరు గనుక ఇది మాకు వర్తించదని మినహాయింపు రాసుకుంది.

మనిషికి సమానహక్కు ఇచ్చాక ప్రత్యేకరక్షణ ఎందుకన్న ప్రశ్నను తేలిగ్గా తీసేయకూడదు. నిజాయితీపరులు అడిగే ప్రశ్నే అది. దానికి అతి మంచి జవాబు 1935 ఏప్రిల్ 6న హేగ్ నుంచి వచ్చింది. అల్బేనియా 1933లో రాజ్యాంగం మార్చి ప్రైవేటు బడులన్నిటినీ ఎత్తివేసింది. దక్షిణాన ఉన్న గ్రీకు మైనారిటీ తమ బడులు పోయాయని మొరపెట్టుకుంది. అల్బేనియా సమాధానం వినడానికి ముచ్చటగానే ఉంటుంది: అధికసంఖ్యాకుల ప్రైవేటు బడులు కూడా మూసేశాం, ఇక వివక్ష ఎక్కడుంది? ఎనిమిది మంది న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు నిలిచిన సలహా అభిప్రాయంలో న్యాయస్థానం ఈ వాదాన్ని తోసిపుచ్చింది. అధికసంఖ్యాకుల అవసరాలు ప్రభుత్వ బడి తీరుస్తుంది, మైనారిటీ అవసరం దాని సొంత బడే తీర్చాలి. ఆ బడి పోతే కాగితం మీది సమానత్వం ఆచరణలో అసమానత్వం అవుతుంది. తొంభై ఏళ్ల కిందటి ఈ తర్కం మన దేశానికీ చేరింది. 1974లో అహ్మదాబాదు సెయింట్ జేవియర్స్ కళాశాల కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఇచ్చిన తీర్పులో అల్బేనియా బడుల ప్రస్తావన ఉంది.

ఇదే ప్రశ్న డెబ్బై ఏళ్లకు చెక్ దేశంలోని ఒస్త్రావా పట్టణంలో ఇంకో రూపంలో లేచింది. అక్కడ మందబుద్ధి పిల్లల కోసమంటూ ప్రత్యేక పాఠశాలలు ఉండేవి. పిల్లలకు మానసిక పరీక్ష పెట్టి, తల్లిదండ్రుల సంతకం తీసుకుని పంపేవారు. పరీక్ష అందరికీ ఒకటే, నియమం అందరికీ ఒకటే. కాని లెక్కలు తీస్తే, ఒస్త్రావా ప్రాథమిక పాఠశాలల పిల్లల్లో రోమా జాతివారు నూటికి రెండున్నర కూడా లేరు. ప్రత్యేక పాఠశాలల్లో మాత్రం వాళ్లే నూటికి యాభై ఆరు. పద్దెనిమిది మంది రోమా పిల్లలు కోర్టుకెక్కారు. దేశ రాజ్యాంగ న్యాయస్థానం కాదంది. స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం చిన్న ధర్మాసనం కూడా 2006లో కాదంది. 2007 నవంబరు 13న మహాధర్మాసనం పదమూడు నాలుగు ఓట్లతో వివక్ష జరిగిందని తేల్చింది. దురుద్దేశం రుజువు కానక్కర్లేదు, ఈ గణాంకాలే ప్రాథమిక సాక్ష్యం, జవాబు చెప్పుకోవలసిన బరువు ప్రభుత్వానిదే అంది. తల్లిదండ్రులు సంతకం పెట్టారుగా అన్న వాదాన్నీ ఒప్పుకోలేదు. పిల్లవాడిపై వివక్ష చూపడానికి తల్లి సంతకం అనుమతిపత్రం కాదు. తీర్పుతో రోమా పిల్లల కష్టాలు తీరిపోయాయని చెప్పను. బడుల బోర్డు మీద పేరు మారినంత తొందరగా తరగతి గది మారలేదు. అయినా ఐరోపాలో ఇప్పుడు ఏ విద్యాశాఖా "నియమం అందరికీ ఒకటే" అని చేతులు దులుపుకోలేదు. ఆ జవాబు కోర్టులో చెల్లకుండా పోయింది.

సమూహానికి హక్కులిస్తే ఆ సమూహంలోని పెద్దలు తమలోని బలహీనులను అణిచేస్తారన్నది మరో అభ్యంతరం. ఇది నిజమైన భయం. కెనడాలో టోబిక్ ఆదివాసీ రిజర్వుకు చెందిన శాండ్రా లవ్‌లేస్ బయటివాణ్ణి పెళ్లి చేసుకున్నందుకు చట్టప్రకారం ఆదివాసీ హోదా పోగొట్టుకుంది. మగవాడు బయటి స్త్రీని చేసుకుంటే హోదా పోయేది కాదు. విడాకుల తర్వాత పుట్టినూరికి తిరిగివచ్చి ఉండే హక్కు ఆమెకు లేదన్నారు. ఇదే చట్టాన్ని కెనడా సుప్రీంకోర్టు 1973లో సమర్థించి ఉంది. లవ్‌లేస్ ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీకి అర్జీ పెట్టింది. తన భాషా సంస్కృతుల్లో, తనవాళ్ల మధ్య బతికే హక్కు ఆమెకు ఇరవై ఏడో అధికరణం ఇచ్చిందని, అది నిరాకరించారని 1981 జూలై 30న కమిటీ తేల్చింది. 1985లో కెనడా చట్టం మార్చుకుంది. ఆమె తర్వాత సెనేటర్ కూడా అయింది. మైనారిటీ హక్కు ఇక్కడ సమూహం చేతిలో కర్ర కాలేదు. ఆ సమూహంలోని ఒంటరి స్త్రీకి ఇంటికి తిరిగి వెళ్లే దారి అయింది. కారణం స్పష్టం. ఆ అధికరణం హక్కును సమూహ పెద్దలకు ఇవ్వలేదు, సమూహంలోని ఒక్కొక్క మనిషికీ ఇచ్చింది. మనిషి నేరుగా కమిటీకి అర్జీ పెట్టుకోనిచ్చే, ఆ ఒడంబడిక అనుబంధమైన ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో కెనడా చేరి ఉండడం వల్లే ఆమె అర్జీ జెనీవా చేరింది. ఈ రెండో సంగతి మనకు మళ్లీ పనికొస్తుంది.

సోవియట్ కూటమి కూలాక ఐరోపా మళ్లీ మేల్కొంది. 1992లో జాతీయ మైనారిటీల హైకమిషనర్ పదవి వచ్చింది. మొదట ఆ పనిచేసిన డచ్చివాడు మాక్స్ వాన్ డెర్ స్టూల్ తూర్పు రాజధానుల చుట్టూ తిరిగి, పత్రికలకు ఎక్కకుండా, మంటలు రాజుకోక ముందే ఆర్పే ప్రయత్నం చేశాడు. 1993లో ఎస్తోనియా విదేశీయుల చట్టం చేసినప్పుడు రష్యన్ భాషీయుల భయాలు తగ్గేలా దాన్ని మార్పించడంలో ఆయన పాత్ర ఉంది. 1995లో జాతీయ మైనారిటీల రక్షణకు ఐరోపా మండలి ఒడంబడిక సంతకాలకు సిద్ధమైంది, 1998లో అమల్లోకి వచ్చింది. దాని కింద నిపుణుల సంఘం దేశాల నివేదికలు చదివి వ్యాఖ్యానిస్తుంది; మనిషి అర్జీ పెట్టుకునే ఏర్పాటు మాత్రం లేదు. ఫ్రాన్స్ సంతకమే చేయలేదు. గ్రీసు, బెల్జియం సంతకం చేసి ఆమోదించకుండా ఊరుకున్నాయి. యూరోపియన్ యూనియన్‌లో చేరదలచిన తూర్పు దేశాలకు 1993లో పెట్టిన షరతుల్లో మైనారిటీల రక్షణ ఒకటి. అప్పటికే లోపల ఉన్నవారిని ఆ ప్రశ్న అడిగినవాడు లేడు. 1919 నాటి తప్పే కొత్త చొక్కా వేసుకుని వచ్చింది.

ఇంత నిరాశలో దక్షిణ టిరోల్ కథకు మాత్రం మంచి ముగింపు దొరికింది. 1946 సెప్టెంబరు 5న పారిస్‌లో ఆస్ట్రియా మంత్రి గ్రూబర్, ఇటలీ ప్రధాని దె గాస్పెరి ఒక చిన్న ఒప్పందం చేసుకున్నారు. అమలు తీరు చూసి జర్మన్ భాషీయులు మోసపోయామనుకున్నారు. ఆస్ట్రియా 1960లో ఐక్యరాజ్యసమితికి వెళ్లింది. సర్వసభ్యసభ ఎవరినీ దోషిగా నిలబెట్టలేదు, కూర్చుని మాట్లాడుకోమంది. మరుసటి ఏడాది బాంబులు పేలాయి. అయినా చర్చలు ఆగలేదు. 1969లో నూట ముప్పై ఏడు చర్యల పొట్లం ఒకటి తయారైంది, 1972లో కొత్త స్వయంపాలన చట్టం వచ్చింది. ప్రభుత్వోద్యోగాలు భాషాసమూహాల నిష్పత్తిలో, ఉద్యోగికి రెండు భాషల పరీక్ష, బడి ఎవరి భాషలో వారికి. వివాదం ముగిసిందని ఆస్ట్రియా ప్రకటించింది 1992లో. ఒప్పందం నుంచి ముగింపు దాకా నలభై ఆరేళ్లు! ఓర్పు లేనివాళ్లు చేసే పని కాదిది. మైనారిటీని బంధువు దేశం పోషించడం ప్రమాదకరమే కావచ్చు; ఆ బంధువు మూడో మనిషి ముందుకు వచ్చి మాట్లాడితే అదే ఉపకారం అవుతుంది.

బంధువే లేని రోహింగ్యాల సంగతేమిటి? మయన్మారు 1982 పౌరసత్వ చట్టం వారిని పౌరులుగానే గుర్తించదు. 2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. 2019 నవంబరులో పశ్చిమాఫ్రికాలోని చిన్న దేశం గాంబియా వారి తరఫున హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో దావా వేసింది. నీకేం సంబంధమని మయన్మారు అడిగింది. జాతినిర్మూలన నిషేధం అందరికీ చెందిన బాధ్యత కనుక ఆ నిషేధ ఒడంబడికలో చేరిన ఏ దేశమైనా అడగవచ్చని న్యాయస్థానం 2022 జూలైలో చెప్పింది. శిబిరాల్లో ఉన్నవాళ్ల జీవితం దీనితో మారలేదు, నిజం. కాని 1920లలో లేని ఒక సూత్రం ఇక్కడ స్థిరపడింది: రక్తసంబంధమూ సరిహద్దూ లేని దేశం కూడా అర్జీ పట్టుకుని రావచ్చు. కాని ఊచకోత దాకా వస్తేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. బడి పోయినవాడికి, ఉద్యోగం పోయినవాడికి ఆ తలుపు పనికిరాదు.

ఇక మన సంగతి. మన రాజ్యాంగంలో 29, 30 అధికరణాలు ఉన్నాయి, చాలా దేశాల కంటే మేలైన రక్షణ ఇచ్చాయి. బయటివాళ్ల ప్రమేయం మనకెందుకని వినిపించే మాటకు బలం ఇక్కడి నుంచే వస్తుంది. భాషారాష్ట్రాలు ఏర్పడిన 1956లో ఇంకో రెండు అధికరణాలు చేరాయి. 350ఎ ప్రకారం భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందే సౌకర్యాలు కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలి. 350బి ప్రకారం దాన్ని చూడడానికి ఒక ప్రత్యేకాధికారి ఉంటారు. ఆ అధికారి విచారిస్తారు, రాష్ట్రపతికి నివేదిస్తారు, నివేదిక పార్లమెంటు ముందుకు వస్తుంది, రాష్ట్రాలకు వెళుతుంది. ఇది చేయండి అని ఆదేశించే అధికారం ఆయనకు లేదు. జెనీవాలో ముగ్గురి కమిటీకైనా విషయాన్ని కౌన్సిల్ ముందు పెట్టే హక్కు ఉండేది. తమిళనాడులో 2006 చట్టం తమిళాన్ని బడుల్లో తప్పనిసరి చేసినప్పుడు తెలుగువారితో సహా భాషా మైనారిటీలు ఆశ్రయించింది కోర్టులను. పదో తరగతి పరీక్షలో తాత్కాలిక మినహాయింపులు అక్కడే తెచ్చుకున్నారు. కోర్టుకు వెళ్లే స్తోమత ఉన్నవాడికే ఆ దారి.

సరిహద్దుకు ఇవతల మనమే అధికసంఖ్యాకులం. తెలంగాణ 2018లో తెలుగును బడులన్నిటిలో తప్పనిసరి చేసింది. తెలుగు బతకాలన్న కోరికను తప్పుపట్టను. కాని ఉర్దూ, గోండి, కొలామి, లంబాడీ మాట్లాడే పిల్లవాడికి సొంత భాషలో చదువు ఏమైందన్న ప్రశ్న ఎవరో ఒకరు అడగాలి, ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. తమిళనాడు ప్రభుత్వాన్ని మనం అడిగే ప్రశ్ననే మన ప్రభుత్వాలను అడగకపోతే, 1919లో పారిస్ పెద్దలు చేసిన పనే మనమూ చేసినట్టు.

భారతదేశం 1979 ఏప్రిల్ 10న పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో చేరింది. లవ్‌లేస్ వాడుకున్న ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో మాత్రం నేటికీ చేరలేదు. కనుక ఇరవై ఏడో అధికరణం మన పౌరుడికి ఉంది, అది దక్కకపోతే అర్జీ పెట్టుకునే చిరునామా లేదు. 1997లో మన దేశ నివేదికను మానవహక్కుల కమిటీ పరిశీలించింది. మళ్లీ పరిశీలించింది 2024లో. ఆ ప్రోటోకాల్ మీద సంతకం పెట్టమని, 350బి అధికారికి ఆదేశాలిచ్చే అధికారం కల్పించమని అడగడం ఏ ఒక్క మతానికో భాషకో సంబంధించిన పని కాదు. పొరుగు రాష్ట్రాల్లోని తెలుగు పిల్లల కోసం మన సంఘాలు ఏటా వినతిపత్రాలు ఇస్తున్నాయి. ఈసారి ఇచ్చే పత్రంలో హోసూరు తెలుగు పిల్లల పక్కనే ఉట్నూరు గోండు పిల్లల పేరు కూడా రాయాలని, దాన్ని చెన్నైకే గాక హైదరాబాదుకూ అమరావతికీ ఢిల్లీకీ పంపాలని ఈ సభను కోరుతున్నాను.